మడుగులో చక్రం

ఆదోని అంటే పత్తి, ఎమ్మిగనూరు అంటే మగ్గం. కర్నూలు జిల్లా పడమటి వైపు మనుషులను నీళ్ల మీది వేట గురించి ఎవరూ అడగరు. వాన చాలని నేల, నల్లరేగడి, జొన్నరొట్టె, వేరుశెనగ, కరువొస్తే వలస. మా ప్రాంతం గురించి బయటివాళ్లకు తెలిసింది ఇంతే. కానీ కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలకు ఉత్తరపు హద్దు తుంగభద్ర. ఆ ఒడ్డున తరతరాలుగా పుట్టి మీద బతికిన మనుషులు ఉన్నారు. వాళ్లలో ఒకాయన దగ్గర నేను ఎండ్రకాయలు పట్టడం నేర్చుకున్నాను.

మా నాయనది ఎమ్మిగనూరు. మగ్గం మనిషి. 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘానికి నేసేవాడు. అమ్మ పుట్టిల్లు నందవరం మండలంలో నది ఒడ్డు పల్లె. బడికి ఎండాకాలం సెలవులిస్తే చాలు, ఎమ్మిగనూరులో బస్సెక్కి అవ్వ ఇంటికి పోయేవాణ్ణి. 1978 ఎండాకాలం నాకు పన్నెండేళ్లు. అవ్వ ఇంటి వెనక సందులో ఉండే పెద్దాయన ఆ ఏడాది నన్ను తన పుట్టిలో ఎక్కించుకున్నాడు. ఊరంతా ఆయన్ను పుట్టి తాత అనేది.

ఎండాకాలంలో మా దగ్గర తుంగభద్ర ఎట్లుంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. పైన హొస్పేట దగ్గర డ్యామ్ 1953లో పూర్తయింది. ఆ నీళ్లు దిగువ కాలువ గుండా ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు వస్తాయి. మా మెట్టనేలకు అది ప్రాణం, కాదనను. కానీ నది మాత్రం మార్చి దాటాక సన్నబడిపోతుంది. ఇసుక తేలుతుంది, బండలు బయటపడతాయి. బండల నడుమ లోతున్న చోట మడుగులు మిగులుతాయి. కొన్ని మడుగులు ఏ ఎండాకాలమూ ఎండవు. నదిలో ప్రాణమున్నదంతా ఆ నాలుగు నెలలు వాటిల్లోనే తల దాచుకుంటుంది. జెల్లలు, కొర్రమీనులు, వాలుగలు, నత్తలు, ఎండ్రకాయలు. అక్కడక్కడా మొసలి కూడా. మొసలి తిరుగుతుందని తెలిసిన మడుగు జోలికి తాత పొయ్యేవాడు కాదు. ఒడ్డున తడి ఇసుకలో దాని కడుపు ఈడ్చిన జాడ చూపించి, నన్ను వెనక్కి తిప్పుకుని వచ్చేవాడు.

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పడవ. తాత పుట్టి అడ్డంగా ఇద్దరు మనుషులు మోకాళ్లు ముడుచుకుని కూర్చునేంత ఉండేది. ఆయన తండ్రి కాలంలో కింద ఎనుముతోలు తొడిగేవాళ్లట. నేను చూసేనాటికి ఎరువుల సంచుల పట్టా మీద తారు పూసేవాడు. ప్రతి ఎండాకాలం మొదట్లో పుట్టిని ఇసుకలో బోర్లించి, తారు కాచి, చిల్లులు పడ్డచోటల్లా పూత వేసేవాడు. ఆ తారు వాసన నాకు సెలవులు మొదలైనట్టు గుర్తు. పుట్టి బరువు తక్కువ. ఒక మనిషి తలమీద బోర్లించుకుని ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు బండల మీద నడిచిపోవచ్చు. ముక్కున్న పడవైతే ఎండాకాలం తుంగభద్రలో పనికే రాదు.

ఈ పుట్లు ఎంత పాతవో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఇదే నది మీద ఇవే పడవలను రాసిపెట్టాడు. లోపల బద్దల అల్లిక, పైన తోలు, పదిహేను ఇరవైమంది ఎక్కగలరు, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తారు, తిన్నగా పోవు, తిరుగుతూనే ఉంటాయి. ఈ రాజ్యంలో ఏరున్న చోటల్లా ఇవి తప్ప వేరే పడవలు లేవని కూడా రాశాడు. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి పడవలో నేను కూర్చున్నాను. అది నాకు చదువు చెప్పిన పడవ.

తిరుగుతూనే ఉంటాయన్న మాట తెడ్డు చేతికిస్తే తెలుస్తుంది. పక్కన ముంచి లాగితే పుట్టి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. తెడ్డును ఎదురుగా ముంచి తనవైపు లాక్కోవాలి, కొంచెం ఎడమకు, కొంచెం కుడికి. తాత గట్టిగా లాగినట్టు కనిపించేవాడే కాదు. పుట్టి మాత్రం ఆయన చూసిన బండ దగ్గరికే పోయేది.

ఇక ఎండ్రకాయలు పట్టే చక్రం. పుల్లలు పీకేసిన పాత సైకిల్ రిమ్ము అది. దానికి కింద సంచి మాదిరి జారేటట్టు వల అల్లి కట్టేవాడు. రిమ్ము మీద మూడు చోట్ల తాళ్లు కట్టి, పైన ముడివేసి, ఆ ముడికి పొడుగాటి తాడు, తాడు కొసకు ఎండిన సొరబుర్ర. నడుమ వలకు ఎర కట్టాలి. మేక పేగు, కోడి తిత్తి, లేదంటే రాయి కిందపెట్టి ముందు రోజు ఎండబెట్టిన చేప తల. కొంచెం వాసన పట్టిన ఎర అయితేనే మంచిది. ఎండ్రకాయ చూపుతో కాదు, వాసనతో వస్తుంది. నీళ్లలోకి దించితే రిమ్ము అడుగున బల్లపరుపుగా పడుకుంటుంది, వల కూడా దానితోపాటు నేలకు అంటుకుంటుంది. ఎండ్రకాయకు అది అడ్డం కాదు, పైకి నడిచి వచ్చి ఎర దగ్గర కూర్చుంటుంది. తాడు పైకి లాగితేనే అది సంచి అవుతుంది. లాగకపోతే తిన్నంత తిని వెళ్లిపోతుంది. మూసిపెట్టే బోను కాదు, మనిషి కాచుకుని ఉండాల్సిన వల.

ఆ వల నూలు మా ఇంటిది. మగ్గం మీద గుడ్డ కోశాక మిగిలే పడుగు కొసలను నాయన పారేయకుండా మూట కట్టి ఉంచేవాడు. నేను పల్లెకు పొయ్యేటప్పుడు ఆ మూట నా చేతికిచ్చేవాడు. తాత వాటిని నాలుగు పేటలుగా పురిపెట్టి, పాముకుని, వెదురు సూదితో కన్నులు అల్లేవాడు. నూలు వల రెండు ఎండాకాలాలకు మించి ఉండదు, కుళ్లుతుంది. నైలాన్ దారం ఎమ్మిగనూరు అంగళ్లలో దొరికేది. తాత కొనలేదు. కొనలేక కూడా కావచ్చు, కానీ ఆయన చెప్పింది వేరే: "తెగిపోయి నీళ్లలో పడిపోతే నూలు కుళ్లిపోతాది నాయనా. ఆ ప్లాస్టిక్కుది సావదు, సంపుతానే ఉంటాది." నీళ్లలో వదిలేసిన వలలు ఏళ్ల తరబడి చేపలను చంపుతూనే ఉంటాయని ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. నేను 1978లోనే విన్నాను.

పొద్దు కుంకినాక బయల్దేరేవాళ్లం. ఎండ్రకాయలు పగలు బండ సందుల్లో ఉంటాయి, చీకటి పడితే మేతకు వస్తాయి. బండ మొదలు చూసుకుని ఒక్కొక్క చక్రం దించడం, సొరబుర్ర వదలడం, పుట్టిని పక్క బండకు తీసుకుపోవడం. అన్నీ దించేసరికి మొదటిది లాగే వేళ అవుతుంది. ఒక చుట్ట కాలేంత సేపు అని ఆయన లెక్క. లాంతరు వత్తి తగ్గించి పుట్టి నడుమ పెట్టేవాడు.

లాగడంలోనే విద్య. తాడు బిగుసుకునే దాకా మెల్లగా, బిగిసిందని వేలికి తెలియగానే ఒక్క ఊపున పైకి. ఆ మొదటి ఊపుకు రిమ్ము నేల వదిలి వల సంచి కావాలి. ఆ తర్వాత ఆగకూడదు, తొందరపడకూడదు, ఒకే తీరుగా చేతి మీద చెయ్యి వేస్తూ లాగాలి. నడుమ ఒక్క క్షణం ఆగినా సంచి వదులై ఎండ్రకాయ అంచు ఎక్కి దూకేస్తుంది. ఇదంతా తిరిగే పుట్టిలో. లాగే మనిషి ఒక అంచుకు వంగితే రెండో మనిషి ఎదుటి అంచు మీద బరువు వేయాలి. నా పని అదే. "వంగుతాండా, ఆనుకో" అనేవాడు. నేను వెనక్కి ఆనుకునేవాణ్ణి. ఆ మాట చాలు, మా ఇద్దరికీ వేరే మాట అక్కరలేకపోయింది.

పైకొచ్చిన ఎండ్రకాయను వెనకనుంచి, డిప్ప రెండు పక్కలా బొటనవేలు చూపుడువేలు పెట్టి ఎత్తాలి. కొండి అందదు. ఎత్తగానే ఆయన దాన్ని కుండలో వేసేవాడు కాదు. ముందు వెల్లకిలా తిప్పి లాంతరు దగ్గర పట్టేవాడు. కడుపు కింద మడిచిన తోక రేకు ఉంటుంది. సన్నగా ఉంటే పోతు, వెడల్పుగా ఉంటే పెంటి. వెడల్పుగా ఉన్నదాన్ని బొటనవేలి గోటితో మెల్లగా తెరిచి చూసేవాడు. ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. రేకు కింద పెసరగింజ కన్నా చిన్న ఎండ్రకాయలు, గుత్తులు గుత్తులుగా, కాళ్లు కదిలిస్తూ. గుడ్లు కాదు, పిల్లలు. "తల్లిని దించురా నాయనా. సంసారమంతా కడుపు కింద పెట్టుకోని వచ్చింది" అన్నాడు. విసరనివ్వలేదు. పుట్టి అంచు మీదుగా చెయ్యి నీళ్లలోకి ముంచి వదలమన్నాడు.

మంచినీటి ఎండ్రకాయ సముద్రపు పీతలా గుడ్లను నీళ్లపాలు చేయదు. గుడ్డులోనే పిల్ల పూర్తిగా తయారై, చిన్న ఎండ్రకాయగానే బయటికొచ్చి, కొన్నాళ్లు తల్లి రేకు కిందే ఉంటుంది. అందుకే ఒక తల్లిని వండుకుంటే ఆ ఏటి పిల్లలన్నీ దానితోనే పోతాయి. ఎక్కడి నుంచో అలలు మోసుకొచ్చి ఆ లోటు పూడ్చవు. తాతకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు, లాంతరు వెలుగులో చూసి తెలుసుకున్నాడు. తల్లినీ, కొత్తగా కుబుసం విడిచి మెత్తగా ఉన్నదాన్నీ, ఆయన అరచేతి నడుమ ఇమిడిపోయే చిన్నదాన్నీ మూడింటినీ దించేవాడు. కుండలో పడేవి తక్కువే. అయినా మా రెండిళ్లకు చాలేవి.

అవ్వ వాటి కాళ్లు విరిచి, రోట్లో దంచి, రసం వడగట్టి, మిరియాలు, ఎల్లిగడ్డ వేసి కాచేది. దగ్గు, పడిశం పట్టిన పిల్లలకు మా పల్లెల్లో అదే మందు. డిప్పలో మాంసమున్న పెద్దవాటిని చింతపండు పులుసు పెట్టేది. జొన్నరొట్టె తుంచి ఆ పులుసులో ముంచుకుని తిన్న రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

తర్వాత చదువు, ఆదోనిలో పత్తి మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం, పెళ్లి. తాత 1990ల్లో పోయాడు. నది మీదికి పోవడం తగ్గింది. మళ్లీ పుట్టి ఎక్కింది 2009 వరద తర్వాత. ఆ అక్టోబరు 2న తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచింది, కర్నూలు నగరాన్ని ముంచింది. మా వైపు నాగలదిన్నె వంతెన తెగిపోయింది. అవతల గద్వాల వైపు చుట్టాలున్న ఇళ్లు మావైపు ఎన్నో. వంతెన లేకపోయేసరికి జనం మళ్లీ పుట్టినే నమ్ముకున్నారు. అవతలి ఒడ్డున మా పెద్దమ్మ దినానికి నేను పెద్ద పుట్టిలో దాటాను. అందులో మనుషులతోపాటు రెండు మోటారు సైకిళ్లున్నాయి. తెడ్డు వేస్తున్న కుర్రవాడు ఎదురుగా ముంచి తనవైపు లాక్కుంటున్నాడు. పాయెస్ చూసింది, తాత చేసింది, అదే పని.

2018 అక్టోబరులో అమెరికాలో శాన్‌డియాగో పోయాను. మా అక్క కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "మామా, ఎండ్రకాయల కథ ఎప్పుడూ చెప్తావు కదా, ఇక్కడ దాని పెద్దన్నను చూపిస్తా" అని, షెల్టర్ ఐలాండ్ దగ్గర ఇద్దరు కూర్చునే కయాక్‌ను నీళ్లలోకి దించాడు. వేటాడేది ముళ్ల లాబ్‌స్టర్‌ను. దానికి కొండీలుండవు, ఒళ్లంతా ముళ్లు, తలమీద మూరెడు మీసాలు. అదీ పగలంతా రాళ్ల సందుల్లో ఉండి రాత్రి మేతకు వచ్చేదే. వాడు కయాక్ వెనక నుంచి తీసిన వలలు చూసి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఇనుప చక్రం, కింద జారిన వల, మూడు తాళ్లు, నడుమ చేప తల. సొరబుర్ర బదులు మెరిసే తేలుడు గుండు. మిగతాదంతా మా తాతదే.

కయాక్ పుట్టిలా తిరగదు, కానీ పక్కకు ఒరుగుతుంది. వాడు లాగుతుంటే నేను ఎదుటి వైపు ఆనుకున్నాను. ఎవరూ చెప్పక్కరలేకపోయింది. పైకొచ్చిన లాబ్‌స్టర్ తోకను టపటపా కొడుతూ, మీసాల మొదట్లోంచి కీచుమని రాపిడి చప్పుడు చేసింది. చేతికి తొడుగు లేకుండా పట్టుకుంటే రక్తమే. వాడు దాన్ని సంచిలో వేయలేదు. ముందు జేబులోంచి ఒక కొలబద్ద తీశాడు. కళ్ల గుంటల వెనక అంచు నుంచి వీపు డిప్ప చివరిదాకా 3.25 అంగుళాలు ఉండాలి. వెంట్రుకవాసి తక్కువైనా వెంటనే నీళ్లలోకే. ఆ కొలతకు పెరగడానికి ఏడేళ్ల నుంచి పదకొండేళ్లు పడుతుందట.

అక్కడి కట్టడి చూసి నేను నేర్చుకున్నది చాలా ఉంది. మనిషికి అయిదు వలలే, పడవకు పదికి మించకూడదు. వేసిన వలను రెండు గంటల్లోగా లాగి చూడాలి. రోజుకు మనిషికి ఏడే. రెండు రోజుల కోసం వచ్చిన నాకు కూడా లైసెన్సు, నా పేరు మీద లాబ్‌స్టర్ కార్డు. నీళ్లలోకి దిగేముందే తేదీ, చోటు రాసుకోవాలి. ఆఖరున ఎన్ని ఉంచుకున్నామో రాయాలి. ఒక్కటీ దొరకకపోయినా ఏప్రిల్ 30 లోగా కార్డు లెక్క అప్పగించాలి. ఇక వేట సెప్టెంబరు ఆఖరుకో అక్టోబరు మొదట్లోనో మొదలై మార్చి నడుమ ఆగిపోతుంది. గుడ్లు పెట్టే ఎండాకాలమంతా దాని జోలికి ఎవరూ పోకూడదు. లాబ్‌స్టర్ పిల్ల గుడ్డు పగిలాక గాజు రేకులా నెలల తరబడి సముద్రంలో కొట్టుకుపోయి, బతికి బట్టకడితే ఎక్కడో ఒక ఒడ్డు చేరుతుంది. అంత పెద్ద సముద్రానికే ఇంత జాగ్రత్త. మా మడుగుల్లో పిల్లలు తల్లి కడుపు కిందనుంచి కదలవు.

మన దేశంలో ఇలాంటి కొలతలు లేవని కాదు. 2003లో కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి చేసే లాబ్‌స్టర్‌కు జాతిని బట్టి కనీస బరువు పెట్టింది: ఒక రకానికి 200 గ్రాములు, ఒక రకానికి 300, ఇంకొక రకానికి 500. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు. డాలరు వచ్చే సరుకు మీద చూపు ఉంది, సముద్రం మీద చూపు ఉంది. దగ్గొచ్చిన పిల్లవాడికి రసం కాచిచ్చే ఎండ్రకాయ మీద ఎవరి చూపూ పడలేదు. మా ఒడ్డున ఎవరైనా కొలబద్ద పట్టుకుని నిలబడి అడగడం నేను ఇన్నేళ్లలో చూడలేదు.

2024 ఆగస్టు 10 రాత్రి హొస్పేట డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. నీళ్లు వృథాగా నదిలోకి వస్తున్నాయని మా రైతులంతా కుమిలిపోయారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో వారంలో ఆ కంతను పూడ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాతి ఎండాకాలం నేను అవ్వ ఊరికి పోయి, తాతతో చక్రాలు దించిన మడుగు వెతికాను. బండ ఉంది. దాని చుట్టూ ఇసుక తవ్వి తీసుకుపోయారు. ఇసుక పోయినచోట గుంతలు, పసరు పట్టిన నీళ్లు. ఒకచోట దోమతెర గుడ్డ కట్టి మడుగును ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈడుస్తున్నారు. అందులో వేలెడు కూడా లేని చేపపిల్లలు. గట్టున పోసిన చెత్తలో ఎండ్రకాయలు పడి ఉన్నాయి. అమ్ముడుపోవని పారేసినవి. ఒకదాన్ని తిప్పి చూశాను. వెడల్పు రేకు. తెరిచాను. పిల్లలు ఎండిపోయి అంటుకుని ఉన్నాయి.

ఆ కుర్రవాళ్లను నేను తిట్టలేదు. వాళ్లకు రేకు తెరిచి చూపించిన తాత ఎవరూ లేడు. దిగువన శ్రీశైలం వెనుక జలాల్లో సన్న కన్నుల అలివి వలలతో చేపపిల్లలను ఊడ్చేస్తున్నారని అక్కడి మత్స్యకారులే ఏళ్లుగా గోడు పెడుతున్నారు. అవి నిషేధించిన వలలు. అయినా పడుతూనే ఉన్నాయి. చేపపిల్లలను చెరువుల్లో, జలాశయాల్లో వదలడానికి ప్రభుత్వం ఖర్చుపెడుతుంది. మంచిదే. మా మడుగుల ఎండ్రకాయకు మాత్రం విత్తన కేంద్రాలు లేవు. దాని విత్తనం దాని కడుపు కిందే ఉంది.

కౌతాళం నుంచి నందవరం దాకా నది ఒడ్డున వేటాడే అన్నదమ్ములకు నా మనవి. తొలకరి ముందు నెలల్లో పట్టిన ప్రతి ఎండ్రకాయనూ వెల్లకిలా తిప్పి చూడండి. రేకు వెడల్పుగా ఉంటే, కింద గుడ్లో పిల్లలో కనిపిస్తే నీళ్లలోకి దించండి. మడుగులో విషపు మందు కలపకండి, దోమతెర ఈడ్చకండి. మత్స్యశాఖ అధికారులకు కూడా ఒక విన్నపం: ఎండాకాలం ఎండని మడుగులు మా ఒడ్డున ఎక్కడెక్కడున్నాయో పుట్టి నడిపే పెద్దలు ఇంకా చెప్పగలరు. వాళ్లను కూర్చోబెట్టి ఆ మడుగుల పేర్లు రాసుకోండి. వాటిల్లో ఏప్రిల్ నుంచి జూలై దాకా వేట ఆపండి, వాటి చుట్టూ ఇసుక తీయనివ్వకండి. కొన్ని మడుగుల్లో ఎండ్రకాయలు ఇంకా ఉన్నాయి. పోయిన ఎండాకాలం నేనే చూశాను.